శిక్షణ తరగతి గదికి చేరాలి

నగర పాఠశాలకు భవనం, పాఠ్యపుస్తకాలు సమకూర్చడంతో బాధ్యత తీరదు. అక్కడ ఒకే తరగతిలో భిన్న మాతృభాషల పిల్లలుంటారు. ఉపాధి వెంట కుటుంబం తరలితే కొందరి చదువు మధ్యలోనే ఆగుతుంది. ఇలాంటి తరగతికి ఉపాధ్యాయులను ఎలా సన్నద్ధం చేయాలి?

2020 నాటి జాతీయ విద్యావిధానం రెండు మార్గాలు సూచించింది. 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీ కనీస అర్హత కావాలన్నది మొదటిది. సర్వీసులో ఉన్నవారు ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస శిక్షణ పొందాలన్నది రెండవది.

అయితే శిక్షణలో విన్నది బోధనలో అక్కరకు రావాలంటే అనుభవజ్ఞుల తోడు అవసరం. ఢిల్లీ ప్రభుత్వం 2016లో తన ఉపాధ్యాయుల నుంచే 200 మందిని మెంటర్ టీచర్లుగా ఎంపిక చేసి, ఒక్కొక్కరికి ఐదారు పాఠశాలలు అప్పగించింది. తరగతులను పరిశీలించి, తోటివారికి సలహాలివ్వడం వారి విధి. తనిఖీ అధికారికి చెప్పుకోలేని ఇబ్బందిని సహోపాధ్యాయుడికి చెప్పుకోవచ్చు. ఈ ఏర్పాటుకు బలం అదే.

ఇందుకు ఉపాధ్యాయులకు సమయం దక్కాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు మినహా విద్యేతర పనులకు వారిని నియోగించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఆ నిబంధన అమలైతేనే 50 గంటల శిక్షణకు సార్థకత.