మిగులు అన్నము - మేలైన భోజనము

"పెద్దల మాట చద్దిమూట" అని తెలుగువారి సామెత. పెద్దల మాటను మన పూర్వులు విందు భోజనముతో పోల్చలేదు. నిన్న వండి నేటికి మూటగట్టుకొన్న అన్నముతో పోల్చిరి. కోడి కూయకమునుపే పొలమునకు పోవు రైతునకు, కాలినడకన సంతకు పోవు వర్తకునకు, పశువులను తోలుకొని పోవు పిల్లవానికి వేళకు ఆకలి తీర్చినది ఆ మూటయే. దానినే తెలంగాణమున "సద్ది" అందురు. ఇంతటి గౌరవము పొందిన మాట నేడు చిన్నచూపునకు గురియైనది. "చద్దన్నము తిని వచ్చితిని" అని తోటివారితో చెప్పుటకు మన విద్యార్థులు సంకోచించుచున్నారు. పొద్దుటిపూట ఏమియు తినక తరగతికి వచ్చుటకు మాత్రము సంకోచించుట లేదు.

అద్దె గదులలో ఉండి చదువుకొను విద్యార్థులు, ఉదయమే వంట చేయు తీరిక లేని ఇండ్లనుండి వచ్చువారు మన కళాశాలలో పలువురు కలరు. ఇంటిలో మిగిలిన అన్నము, రొట్టె, పప్పు, కూరలతోను, అంగడిలో సులభముగ దొరకు సిద్ధాహారములతోను తక్కువ ఖర్చున, తక్కువ కాలమున మంచి భోజనము సమకూర్చుకొనుట ఎట్లో, అందు వహింపవలసిన జాగ్రత్తలేవో వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

వృథా యెంత?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున వృథాయైన ఆహారము సుమారు 105 కోట్ల టన్నులు. ఇందులో నూటికి 60 వంతులు హోటళ్ళలోను దుకాణములలోను గాక, సామాన్యుల ఇండ్లలోనే వృథాయైనది. మన దేశమున ఇండ్లలో ఒక్కొక్కరి వంతున ఏడాదికి సుమారు 55 కిలోలు పారవేయబడుచున్నదని అదే నివేదిక అంచనా. తొక్కలు, ఎముకలు మొదలగు తినరాని భాగములును ఈ లెక్కలో చేరియున్నవి. అయినను ఐదుగురు గల కుటుంబమునకు ఇది 275 కిలోలగును. అందు కొంత భాగమైనను తినదగినదే కదా!

అన్నమును పారవేయరాదను భావము మనకు కొత్తగ నేర్పవలసినది కాదు. మెతుకు కాలికి తగిలినచో కన్నులకద్దుకొను పెద్దలు మన పల్లెలలో నేటికిని ఉన్నారు. బాటలో రొట్టెముక్క కనబడినచో తీసి, ముద్దిడి, ఎవరి కాలును పడనిచోట ఉంచుట ముస్లిము ఇండ్లలో పిల్లలకు నేర్పు మొదటి మర్యాదలలో ఒకటి. వృథావ్యయమునకు ఇస్లాములో "ఇస్రాఫ్" అని పేరు, అది నిషిద్ధము. మతములు వేరైనను వంటయింటి నీతి ఒక్కటే.

పూర్వుల నేర్పు

మిగిలిన దానిని మరల వడ్డించుట వేరు. దానిని మరియొక వంటకముగ మార్చుట వేరు. మన పూర్వులకు ఈ రెండవ విద్య చక్కగ తెలియును. రాత్రి అన్నమున నీరు గాని మజ్జిగ గాని పోసియుంచి, ఉదయము ఉల్లిపాయతోను పచ్చిమిరపకాయతోను తినుట మనకు పరిపాటి. కోస్తా జిల్లాలలో గంజిని కుండలో పులియబెట్టి తరవాణిగ వాడిరి. ఇదే ఆహారము ఒడిశాలో పఖాళ, బెంగాలులో పాంతా భాత్ అను పేర్లతో ప్రసిద్ధము. వేసవి మండు దేశములన్నిటను బీదవాని వివేకము ఒకే త్రోవను నడచినది.

మిగిలిన అన్నమును మెత్తగ నూరి, ఉప్పు, కారము, జీలకఱ్ఱ చేర్చి ఎండబెట్టినచో అన్నపు వడియములగును. ఒకనాటి మిగులు ఏడాది పొడవునకును నిలువయైనది. బక్రీదు నాడు మిగిలిన మాంసమునకు ఉప్పు, పసుపు పట్టించి దండెముమీద ఎండబెట్టుదురు. తెలంగాణమున వీనినే ఒట్టి తునకలందురు.

రొట్టె విషయమున మలీదా గుర్తింపదగినది. జొన్నరొట్టెను గాని, సజ్జరొట్టెను గాని, గోధుమరొట్టెను గాని చేతితో నలిపి, బెల్లము, నేయి కలిపి ముద్దలు కట్టినదే మలీదా. సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు దీనిని పంచుకొందురు. పీర్ల పండుగ నాడు అదే ముద్ద పీర్ల చావడిలో పంచబడును. రెండు పండుగలకు ఒకే వంటకము!

హైదరాబాదు విందులలో మకుటమువంటి డబల్ కా మీఠా కూడ ఈ కోవకు చెందినదే. మెత్తని తాజా రొట్టె పాకమున వేసినంతనే చితికిపోవును. ఒకనాడు నిలువయుండి తేమ తగ్గిన డబల్ రొట్టె నేతిలో చక్కగ వేగి, పాకమును, పాలను పీల్చుకొనియు ముక్క విరుగక నిలుచును. తాజాదనము కంటె నిలువయే ఇచట సుగుణము.

నిన్నటి అన్నముతో తాలింపు అన్నము పొడిపొడిగ వచ్చుటకును ఇట్టి కారణమే కలదు. వేడి అన్నములో పిండిపదార్థము నీటిని పీల్చి మెత్తబడి, జిగురుగనుండును. చల్లారిన కొలదిని ఆ పిండిపదార్థపు అణువులు మరల దగ్గరగ చేరి గట్టిపడును. అందువలన మెతుకు మెతుకునకు అంటక విడివిడిగ నిలుచును.

సిద్ధాహారములు కొత్తవి కావు

అంగడిలో కొని వెంటనే వాడుకొను ఆహారమనగనే మనకు రంగుల కాగితపు పొట్లములు తోచును. కాని అటుకులకంటె సులభమైన సిద్ధాహారమేది? వడ్లను నానబెట్టి, వేడిచేసి, దంచి పలుచన చేయుటవలన అవి ముందే ఉడికియుండును; నీటిలో తడిపినంత మాత్రమున తినుటకు యోగ్యమగును. బొరుగులును అట్టివే. రాయలసీమలో బొరుగులను నీట ముంచి పిండి, తాలింపు వేసిన ఉగ్గాణి పది నిమిషముల పని. సేమియా, బొంబాయి రవ్వ, అప్పడములు, ఊరగాయలు, పుట్నాలపొడి ఇవన్నియు మన పాత సిద్ధాహారములే.

కరవుకాలమున కొత్త వంటకములు పుట్టుటయు కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము దొరకనపుడు బెంగుళూరిలోని మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు రవ్వతో ఇడ్లీ చేయుట ప్రారంభించిరని ప్రసిద్ధి. 1958లో జపానులో మొమొఫుకు ఆందో అనునతడు తక్షణ నూడుల్సును కనిపెట్టెను. 1983లో మ్యాగీ పేరున అట్టి నూడుల్సు మన దేశపు విపణిలో ప్రవేశించినవి. ఉడికిన నూడుల్సును నూనెలో వేపినపుడు అందలి నీరు ఆవిరియై పోయి సన్నని రంధ్రములు మిగులును. వేడినీరు పోసినంతనే ఆ రంధ్రములగుండ నీరు లోనికి పోయి అవి మరల మెత్తబడును. రహస్యమంతయు ఇంతే.

ఈ పొట్లముల ఆహారమును పూర్తిగ నిందించుట గాని, దానినే నమ్మి బ్రతుకుట గాని తగదు. అందు మైదా, నూనె, ఉప్పు హెచ్చు. మాంసకృత్తులు, పీచు తక్కువ. పొట్లముమీది అక్షరములను చదువుట నేర్వవలెను. పదార్థముల పేర్లు బరువులో ఎక్కువనుండి తక్కువకు వరుసగ వ్రాయబడియుండును. మొదటి పేరేదో అదియే ప్రధానము. సోడియము ఎన్ని మిల్లీగ్రాములున్నదో చూచి రెండున్నరచే గుణించినచో ఉప్పు ఎంతయో తెలియును. అనగా 400 మిల్లీగ్రాముల సోడియము ఒక గ్రాము ఉప్పునకు సమానము. పెద్దలకు రోజునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హితవు. ఈ లెక్క తెలిసినవాడు మసాలాపొడి పొట్లమును సగమే వాడును.

ఆదమరువరాని జాగ్రత్త

మిగులు ఆహారమున మేలెంత కలదో, అజాగ్రత్తయైనచో కీడును అంత కలదు. బియ్యమున బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు సహజముగనే ఉండును. అన్నము ఉడికినను ఆ బీజములు చావవు. వండిన అన్నము గోరువెచ్చగ గంటలకొలది ఉండినచో అవి మొలకెత్తి, పెరిగి, విషమును పుట్టించును. అది వాంతులను కలిగించును. ముఖ్య విషయమేమన, మరల వేడిచేసినను ఆ విషము నశింపదు. "బాగుగ కాచితిమి కదా, ఏమియు కాదు" అను నమ్మకము ఇచట పనికిరాదు.

5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెల్సియస్ వరకు గల వేడిమి సూక్ష్మజీవులు పెరుగుటకు అనుకూలము. కావున ఈ నియమములను పాటింపవలెను. వండిన రెండు గంటలలోపుగ, మండు వేసవిలో గంటలోపుగ, మిగులును చల్లబరచి ఫ్రిజ్జులో ఉంచవలెను. పెద్ద గిన్నెలో ముద్దగ ఉంచిన అన్నము నడుమ చాలసేపు వేడి నిలిచియుండును. వెడల్పు పళ్ళెమున పరచినచో త్వరగ చల్లారును. అన్నమును మరునాటికే వాడివేయవలెను. వేడిచేయునపుడు పొగలు వచ్చువరకు వేడిచేయవలెను, అదియు ఒక్కమారే.

ఫ్రిజ్జు లేని ఇండ్లలో చద్దికి నీరు పోయుట వెనుక కూడ శాస్త్రము కలదు. పాలను పెరుగుగ మార్చు జాతికి చెందిన సూక్ష్మజీవులు ఆ నీటిలో పెరిగి పులుపును పుట్టించును. పులుపు పెక్కు చెడు సూక్ష్మజీవుల పెరుగుదలను అణచును. అయినను శుభ్రమైన నీరు, శుభ్రమైన పాత్ర వాడి, మూతపెట్టి, ఉదయమే తినివేయవలెను. తీగ సాగినను, దుర్వాసన వచ్చినను పారవేయుటయే పొదుపు. వైద్యుని ఖర్చుకంటె పిడికెడు అన్నము చవుక. పసిపిల్లలకు, వృద్ధులకు, రోగులకు తాజా అన్నమే పెట్టవలెను. విందులనుండి తెచ్చిన బిర్యానీ విషయమున మరింత జాగ్రత్త అవసరము. అది ఎప్పుడు వండబడినదో, ఎంతసేపు దేగిసాలో వెచ్చగ నిలిచినదో మనకు తెలియదు కదా.

నాలుగు సులభ భోజనములు

1. తాలింపు అన్నము: దీనినే బగారా వేయుట అనియు అందురు. ఇద్దరికి మూడు కప్పుల చల్లని అన్నము, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, పిడికెడు వేరుసెనగ పప్పు కావలెను. నూనెలో ఆవాలు, వేరుసెనగలు, కరివేపాకు వేగిన పిదప ఉల్లి, మిర్చి, పసుపు వేసి అన్నము కలుపవలెను. రెండు కోడిగ్రుడ్లు కొట్టి చేర్చినచో మంచిది. ఒక్కొక్క గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు.

2. పప్పు రొట్టె: రాత్రి మిగిలిన పప్పును వేడిచేసి చల్లార్చి, అది పీల్చుకొనునంత గోధుమపిండి చేర్చి, నీరు లేకయే తడుపవలెను. ఉల్లి, కొత్తిమీర వేసి రొట్టెలు కాల్చిన, వేరే కూర అక్కరలేదు. పెరుగో ఊరగాయయో చాలును. ధాన్యములలో తక్కువైన లైసిన్ అను పోషకాంశము పప్పులో సమృద్ధిగ ఉన్నది. ఒకదాని లోటును మరియొకటి తీర్చును.

3. రొట్టె ముక్కల ఉప్మా: నిన్నటి చపాతీలను గాని, డబల్ రొట్టెను గాని చిన్న ముక్కలుగ త్రుంచి, ఉల్లి, టమాట తాలింపులో వేసి, నీరు చిలుకరించి, మూతపెట్టి రెండు నిమిషములు మ్రగ్గనీయవలెను. దించిన పిదప నిమ్మరసము పిండవలెను.

4. కూరగాయల నూడుల్సు: గదిలో నూడుల్సు తప్ప వేరొకటి లేని రాత్రులు ప్రతి విద్యార్థికి వచ్చును. అపుడు నీటిలో మొదట కేరట్, బఠాణీ, క్యాబేజీ ఏదున్న అది ఉడికించి, పిదప నూడుల్సు, సగము మసాలా, ఒక గ్రుడ్డు వేయవలెను. సేమియాతోను ఇట్లే చేయవచ్చును.

ఎవరి కంచములోనికి?

మిగిలిన అన్నము మన ఇండ్లలో ఎవరి కంచములోనికి పోవుచున్నదో విద్యార్థులు ఎన్నడైన గమనించిరా? పురుషులకును పిల్లలకును వేడి అన్నము వడ్డించి, చివర కూర్చుండి నిన్నటి దానిని తినునది తల్లి. ఆమె తరువాత అక్కయో వదినయో. "పారవేయుటకు మనసొప్పక" అని ఆమె అనును. ఇంటి పొదుపు భారమంతయు ఒక్కరి ఆకలిమీద మోపుట పొదుపు అనిపించుకొనదు. మిగులును కొత్త వంటకముగ మార్చి అందరును కలిసి తిన్ననాడు ఆ భారము అందరిదియు అగును. దస్తర్‌ఖాన్ పరచినను, విస్తరి వేసినను వంతి ఒక్కటే కావలెను.

వంట స్త్రీల పని అను మాట ఈ సందర్భమున నిలువదు. పైన చెప్పిన నాలుగింటిలో ఏ ఒక్కటియు ఇరువది నిమిషములకు మించి పట్టదు. పరీక్షకు చదువుకొను చెల్లెలికి పప్పు రొట్టె కాల్చి ఇచ్చిన అన్నకు గౌరవము తగ్గదు సరికదా, దూరదేశమున ఉద్యోగమునకు పోయిననాడు ఆ విద్యయే అతనిని కాపాడును. గల్ఫు దేశములకు పోయి, పదిమంది ఒక గదిలో ఉండి, వంతులవారీగ వండుకొని తినుచున్న మన ప్రాంతపు యువకులనడిగిన, వంట రాక పడిన ఇక్కట్లు వారే చెప్పుదురు.

కళాశాల పాలకవర్గము వారికి ఒక చిన్న మనవి. వార్షికోత్సవముల యందును విందుల యందును మిగిలిన ఆహారమును రాత్రి వరకు నిలువయుంచక, వడ్డన ముగిసిన వెంటనే, వేడిగ ఉండగనే అవసరమైనవారికి అందజేయు బాధ్యతను కొందరు విద్యార్థులకు ముందుగనే ఒప్పగించిన బాగుండును. ఆలస్యమైన దానము కొన్ని వేళల హానియగును.

విద్యార్థులారా! చద్దిమూటను చూచి సిగ్గుపడనక్కరలేదు. దానిని సరిగ దాచుట, సమయమునకు తినుట, తోటివారితో పంచుకొనుట తెలిసినచాలును. ఖాళీ కడుపుతో విన్న పాఠము చెవివరకే వచ్చును. రేపటి మొదటి తరగతికి ఇంత తిని రండు.