మెదడులో రక్తనాళాల చిక్కుముడి – పరీక్ష, సాధ్యాసాధ్య విచారము

తలనొప్పి యెరుగని గృహము లేదు. నుదుటికి శొంఠి పట్టు వేసి, ఒక పూట లంఘనము చేసి, కంటినిండ నిద్రించినచో పెక్కు తలనొప్పులు తగ్గును. అయితే హృదయము, బస్తి, శిరస్సు అను మూడింటిని మన శాస్త్రము త్రిమర్మములుగా చెప్పినది. మర్మస్థానమున పుట్టిన కొన్ని రోగముల విషయమున వంటింటి మందులతో కాలయాపన చేయరాదు. మెదడులోని రక్తనాళముల చిక్కుముడి అట్టివానిలో నొకటి. దీనిని ఆధునిక వైద్యులు ఆర్టీరియో వీనస్ మాల్ఫార్మేషన్ అనియు, క్లుప్తముగా ఎ.వి.ఎం. అనియు వ్యవహరింతురు.

ఏమిటీ చిక్కుముడి?

పెద్దకాలువ నీరు పిల్లకాలువలగుండా మళ్ళకు పారి, మిగిలినది మురుగుకాలువను చేరవలెను. పిల్లకాలువలు లేక పెద్దకాలువ నేరుగా మురుగుకాలువలో పడినచో ఏమగును? మళ్ళు ఎండును, ఆ వేగమునకు ఓర్వలేక మురుగుకాలువ గట్టు తెగును. మెదడులోను అంతే. ధమనులకు, సిరలకు నడుమ ఉండవలసిన సన్నని కేశనాళికలు లేక, రక్తము అధికపీడనముతో నేరుగా సిరలలోనికి దూకును. పలుచని సిర ఉబ్బి, ఒకనాడు పగులవచ్చును. ఇంతవరకు పగులని చిక్కుముడి గల నూరుమందిలో ఏడాదికి సుమారు ఇద్దరు మొదలు నలుగురికి రక్తస్రావము కలుగుచున్నదని అంచనా.

చరకసంహిత విమానస్థానమున స్రోతోదుష్టి లక్షణములుగా అతిప్రవృత్తి, సంగము, సిరాగ్రంథి, విమార్గగమనము అను నాలుగు చెప్పబడినవి. చివరి రెండు మాటలు వినగానే ఈ వ్యాధి స్ఫురించుట సహజము. అయినను ప్రాచీనులు దీనినే చూచి వ్రాసిరని నేననను. పుర్రెలోపలి నాళమును చూచు సాధనము వారికి లేదు.

ఎప్పుడు అనుమానింపవలెను?

1. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన భరింపరాని తలనొప్పి, దానితో వాంతి, మెడ బిగియుట, స్పృహ తప్పుట.
2. మునుపెన్నడు లేక యౌవనమున మొదలైన మూర్ఛ.
3. ఒక చేయి, కాలు బలహీనపడుట, మాట తడబడుట, చూపులో ఒక భాగము లోపించుట.
4. ఎల్లప్పుడు ఒకే ప్రక్కన వచ్చుచు, క్రమముగా తీరు మారుచున్న తలనొప్పి.

మొదటిది కనిపించినచో నస్యము, తైలము, కషాయము ఏదియు వలదు. తక్షణమే స్కానింగు వసతి గల పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. కొందరిలో ఏ లక్షణమును లేక, వేరొక కారణమున తీయించిన స్కానులో ఇది బయటపడుచుండును.

పరీక్షలు

దర్శన, స్పర్శన, ప్రశ్నములతో రోగిని పరీక్షింపవలెనని మా గురువులు నేర్పిరి. ఈ వ్యాధిలో ప్రశ్నము అనుమానమును పుట్టించును. నిర్ధారణ మాత్రము యంత్రదర్శనముచేతనే కావలెను. సి.టి. స్కాను అప్పుడే కారిన రక్తమును కొన్ని నిమిషములలో చూపును. ఎం.ఆర్.ఐ. చిక్కుముడి మెదడులో ఏ భాగమున నున్నదో తెలుపును. వేగముగా పారు రక్తము అందులో నల్లని మెలికలుగా కనబడును. అన్నిటికంటె స్పష్టమైనది యాంజియోగ్రాం. తొడమూలమునగాని మణికట్టునగాని ధమనిలో సన్నని గొట్టము ప్రవేశపెట్టి, రంగుమందు పంపి, ఎక్స్‌రే చిత్రములు తీయుదురు. ఏ ధమని పోషించుచున్నది, ఏ సిర మోయుచున్నది వరుసగా తెలియును. మెదడు నాళములను ఇట్లు రంగుమందుతో చూచు విధానమును 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ కనిపెట్టెను. మూత్రపిండ వ్యాధి, మందులు పడకపోవుట, గర్భము ఉన్నచో ముందుగా చెప్పవలెను.

సాధ్యమా, అసాధ్యమా?

రోగము పేరు తెలిసినంత మాత్రమున చికిత్స మొదలుపెట్టరాదు. సాధ్యమా, కష్టసాధ్యమా, యాప్యమా, అసాధ్యమా యని విచారింపవలెను. ఇదే విచారమును 1986లో స్పెట్జ్‌లర్, మార్టిన్ అను శస్త్రవైద్యులు అంకెలలో పెట్టిరి. చిక్కుముడి 3 సెంటీమీటర్లలోపు ఉన్నచో 1, 3 నుండి 6 వరకు 2, ఆపైన 3 మార్కులు. మాట, చూపు, కదలిక వంటి ముఖ్యవ్యాపారములను నడుపు చోట నున్నచో 1. రక్తము లోతైన సిరలలోనికి పోవుచున్నచో మరి 1. మొత్తము 1, 2 అయినచో శస్త్రచికిత్స సాధారణముగా సుసాధ్యము. 3 అయినచో రోగినిబట్టి నిర్ణయము. 4, 5 అయినచో కత్తి పట్టుటయే ఎక్కువ ప్రమాదము కావచ్చును.

మా వైద్యశాలకు అర్ధావభేదకమని ఒక యువకుని తీసికొని వచ్చిరి. నొప్పి ఎప్పుడును కుడిప్రక్కనే. ఎడమచేయి అప్పుడప్పుడు దానంతటదే అదురునని అతని తల్లి చెప్పినది. ఆ మాట విని మందు వ్రాయక, నరాల వైద్యుని వద్దకు పంపితిని. చిక్కుముడి 2 సెంటీమీటర్లు, చేతిని కదలించు చోటు, పైసిరలు: 1, 1, 0, మొత్తము 2. ఆ చోట కోయుటకు జంకి, కుటుంబము కిరణచికిత్సను ఎంచుకొనినది. అది మూయుటకు రెండు మూడేండ్లు పట్టును. అంతవరకు రక్తస్రావభయము తొలగదు.

పగులని చిక్కుముడిని ముట్టవలెనా యనునది నేటికిని వివాదమే. 2014లో ప్రచురితమైన అరుబా అధ్యయనమున 223 మందిని సగటున 33 నెలలు గమనించగా, లక్షణములకు మాత్రమే మందులు వాడినవారిలో మరణము, పక్షాఘాతము తక్కువగా కనబడినవి. అయితే జీవితాంతము ఉండు వ్యాధికి ఆ కాలము చాలదని పలువురు శస్త్రవైద్యుల ఆక్షేపణ. కావున వయస్సు, పూర్వము రక్తస్రావము జరిగినదా, మొత్తము మార్కులెన్ని – ఈ మూడింటిని వైద్యుని అడిగి వ్రాసికొని, వీలైనచో మరొక వైద్యుని అభిప్రాయమును తీసికొనుడు.

ఇంట పాటింపవలసినవి

ఏ మూలికయు ఈ ముడిని విప్పలేదు. విప్పునని చెప్పువారిని నమ్మకుడు. రక్తపోటును అదుపున ఉంచుట, పొగాకు, మద్యము మానుట, వేళకు నిద్రించుట, పీచుగల ఆహారముతో మలబద్ధము లేకుండ చూచుకొనుట మన చేతిలోని పథ్యము. మూర్ఛమందులను ఒక్కపూటయు మానరాదు. ఆస్పిరిన్ వంటి మాత్రలనుగాని, తీక్ష్ణ నస్యములనుగాని వైద్యుని అడుగక వాడరాదు. వ్యాధి తీరు తెలిసిన తరువాత పథ్యము చెప్పుటకు మేమున్నాము. తెలియకముందు స్కాను తీయించుటయే మొదటి చికిత్స.