కాగితాల ఊళ్లో ఓటీపీ తిప్పలు

‘నాన్నా, ఓటీపీ వచ్చిందా? తొందరగా చెప్పు!’

‘ఉండమ్మా, కళ్లజోడు కనిపించట్లేదు...’

‘టైమైపోతోంది నాన్నా!’

‘ఆఁ... నాలుగు, ఏడు, రెండు...’

‘అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది!’

ఈ మాటలు వినపడని ఇల్లు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఉంటుందా? అయితే ఇవే మాటలు సారపాకలో వినిపిస్తే మాత్రం కాస్త నవ్వొస్తుంది. ఎందుకంటే అది కాగితం పుట్టే ఊరు!

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపహాడ్ మండలంలో, గోదావరికి ఇవతలి ఒడ్డున ఉంటుంది సారపాక. వంతెన దాటితే భద్రాచలం. 1979లో ఇక్కడి మిల్లులో కాగితపు అట్టల తయారీ మొదలైంది. జామాయిల్, సుబాబుల్ కర్ర లారీలకెత్తి లోపలికి వెళ్తుంది. తెల్లటి కాగితమై, అట్టయి బయటికొస్తుంది. మన ఇంట్లో నోటు పుస్తకాల నుంచి మందుల డబ్బాల దాకా దేనికో ఒకదానికి ఇలాంటి మిల్లుల సరుకే కావాలి. అలాంటి ఊళ్లో కూడా ఇప్పుడు ఏ పనికి వెళ్లినా ‘కాగితాలు తెచ్చారా?’ అనడం తగ్గిపోయింది. ‘ఫోన్ తెచ్చారా?’ అంటున్నారు.

ఫోన్ తెస్తే సరిపోతుందా? అందులో చార్జింగ్ ఉండాలి. సిగ్నల్ ఉండాలి. బ్యాలెన్స్ ఉండాలి. ఆధార్‌కిచ్చిన నంబరే అయి ఉండాలి. ఆ నంబరున్న ఫోను కొడుకు జేబులో హైదరాబాద్‌లో ఉండకూడదు! ఇన్నీ కుదిరితేనే పని. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడం లేదంటే ఇదేనేమో.

మాటల పెట్టె... డబ్బుల సంచీ

మొదట్లో ఫోనంటే మాట్లాడుకోవడానికే. మనదేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న కోల్‌కతా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఆ రోజుల్లో మనం చేసిన కాల్‌కే కాదు, మనకొచ్చిన కాల్‌కీ డబ్బు కట్టాల్సొచ్చేది. అందుకే మిస్డ్ కాల్ అనే తెలివైన భాష పుట్టింది. ఒక రింగయితే బయల్దేరాను, రెండయితే చేరుకున్నాను. పైసా ఖర్చు లేదు!

అసలు మార్పంతా ఒక్క 2016లోనే ముంచుకొచ్చింది. ఏప్రిల్లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరు 5న జియో వచ్చి ఇంటర్నెట్‌ను చౌక చేసేసింది. నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. మూడూ ఒకే ఏడాదిలో రావడంతో ఫోను కాస్తా డబ్బుల సంచీ అయిపోయింది. ఇవాళ కూరగాయల బండి దగ్గరా, టీ కొట్టు దగ్గరా క్యూఆర్ కోడ్ అట్ట ముక్కే కనిపిస్తుంది. చిల్లర గొడవ తీరింది. బ్యాంకులో వరుస తప్పింది. దూరాన చదువుకునే పిల్లలకు క్షణాల్లో డబ్బు వెళ్తోంది. ఇవేవీ కాదనలేం.

చిక్కల్లా ఎక్కడంటే, కొత్త దారి బాగుందని పాత దారికి కంచె వేసేయడం దగ్గర.

బియ్యానికీ సంకేతమే

2021 ఫిబ్రవరిలో ఏం జరిగిందో తెలంగాణలో చాలా కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులు. రేషన్ దుకాణంలో అందరూ ఒకే యంత్రం మీద వేలు పెట్టడం ప్రమాదమని వేలిముద్రలు ఆపారు. వాటి బదులు కనుపాప లేదంటే ఫోనుకొచ్చే ఓటీపీ అన్నారు. ఆలోచన మంచిదే. కానీ ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉండాలి కదా! అది లేనివాళ్లు ఆధార్, మీసేవా కేంద్రాల ముందు బారులు తీరారు. జనం గుమిగూడకూడదని పెట్టిన పద్ధతే ఇంకోచోట జనాన్ని పోగేసింది!

అలాగని వేలిముద్ర మాత్రం తేలికా? జీవితమంతా మిరప చేలల్లో, రాళ్ల పనుల్లో గడిపిన పెద్దవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం ‘మీరు మీరు కాదు’ అంటుంది. పక్కన ఊరంతా ‘ఈమె ఈమే’ అని చెప్పినా ఒప్పుకోదు.

అడవిలో ఫొటో దిగాలంటే...

సారపాక దాటి కాస్త లోపలికి వెళ్తే అడవి, గుట్టలు, కోయ గూడేలు. అక్కడ ఫోన్ పట్టుకుని చెట్టు కిందికో, గుట్ట మీదికో నడవడం మామూలే. ‘ఇక్కడ నిలబడితే ఒక గీత వస్తది’ అని వేలు పెట్టి చూపిస్తారు. నీళ్ల చెలమ ఎక్కడుందో చెప్పినంత కచ్చితంగా!

టవర్లు రాలేదని కాదు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్రం మొదటి విడతలో 2,343 చోట్ల 2జీ టవర్లు పెట్టించింది. వాటిని 4జీకి మార్చాలని 2022 ఏప్రిల్లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అంటే దేశంలో పట్టణాలు 5జీ కోసం ఎదురుచూస్తున్న ఏడాదికి ఇలాంటి పల్లెలు 2జీ దగ్గరే ఉన్నాయన్నమాట. 2జీ మీద మాట వెళ్తుంది. ఫొటో వెళ్లాలంటే మాత్రం ఓపిక కావాలి.

కానీ యాప్‌లకు ఓపిక ఉండదే! ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరంతా యాప్‌లోనే అన్నారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, పని జరిగే చోటు గుర్తుతో సహా పంపాలి. దొంగ మస్టర్లు ఆపడమే ఉద్దేశం. కానీ ఫొటో ఎక్కకపోతే? చెమటోడ్చిన మాట నిజం, తవ్విన కందకం నిజం, హాజరు మాత్రం లేదు. చాలా రాష్ట్రాల్లో కూలీలు దీనిపై గొడవ పెట్టారు. పోనీ మోసాలైనా ఆగాయా అంటే, పనికి సంబంధంలేని ఫొటోలూ, ఫొటోకి తీసిన ఫొటోలూ యాప్‌లోకి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. తప్పు చేసేవాడు సందు వెతుక్కున్నాడు. సిగ్నల్ లేని చోట ఒళ్లొంచినవాళ్లకే ఇబ్బంది మిగిలింది.

భాష సంగతీ చెప్పుకోవాలి. ఫోనుకి తెలుగు బాగానే వచ్చేసింది. మరి కోయ? 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ గిరిజన భాషల అనువాదం కోసం ‘ఆది వాణి’ అనే యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలకు చోటు దక్కింది. ఆ జాబితాలో కోయ లేదు.

ఇంటింటి చిరాకులు

కష్టాలన్నీ అడవిలోనే అనుకుంటే పొరపాటు. ఇంట్లో కూర్చున్నా తప్పవు. మనవరాలి పుట్టినరోజు ఫొటో తీద్దామంటే ‘చోటు లేదు’ అంటుంది ఫోను. తీరా చూస్తే లోపల నాలుగొందల గుడ్ మార్నింగ్ పువ్వులు! అత్యవసరంగా డబ్బు పంపాలనుకున్నప్పుడే యాప్ ‘నన్ను అప్‌డేట్ చెయ్యి’ అని మొండికేస్తుంది. మీరు మనిషేనని నిరూపించుకోమంటూ వంకర టింకర ఇంగ్లిషు అక్షరాలు చూపిస్తుంది. నిరూపించుకోలేక మనుషులం తలలు పట్టుకుంటాం.

రైలు టికెట్ల దగ్గర మరో తమాషా. యాప్‌లో ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. రామయ్య గుడి పక్కనే దిగుతామనుకుని ఎక్కేస్తారు కొత్తవాళ్లు. దిగేది కొత్తగూడెంలో! అక్కణ్నుంచి సారపాక మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం. యాప్ అబద్ధం చెప్పలేదు. ‘రోడ్’ అంటే అర్థమేమిటో కూడా చెప్పలేదు.

ఇక మాట మధ్యలో కాల్ తెగడం. తెగిన కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడింటి దాకా పరిహారం ఇవ్వాలని 2015లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా మనకు రావాల్సిన రూపాయి కూడా మధ్యలోనే తెగిపోయింది!

ఫోన్ చేతిలో... గుట్టు ఎవరి చేతిలో?

ఈ చిరాకులకు నవ్వి ఊరుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది. ఫోన్ చదవడం రానివాళ్లు ఏం చేస్తారు? పక్కింటి కుర్రాడికో, దుకాణదారుకో ఇచ్చి ‘కాస్త చూడు బాబూ’ అంటారు. ఓటీపీ చెబుతారు, పిన్ నంబరూ చెబుతారు. ఇనప్పెట్టె తాళం ఎవరికీ ఇవ్వని ముసలమ్మ కూడా ఫోను పిన్ మాత్రం పదిమంది ముందు పైకే చదివిస్తుంది. నూటికి తొంభైతొమ్మిది మంది మంచివాళ్లే అయినా, మిగిలిన ఆ ఒక్కడు చాలు. పైగా మనమే ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసే దాకా పోయిందంతా మన నష్టమేనని రిజర్వు బ్యాంకు 2017 నిబంధనలు చెబుతున్నాయి.

అందుకే పెద్దవాళ్లను ‘నీకేం తెలీదు’ అని విసుక్కోవడం కంటే పక్కన కూర్చుని పదిసార్లయినా నేర్పడం మేలు. పిల్లలకు అక్షరాలు దిద్దించినప్పుడు వాళ్లు విసుక్కోలేదు కదా!

వంతెన మూసేస్తే...

ఒకే దారి మీద ఆధారపడితే ఏమవుతుందో సారపాకకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2022 జులైలో గోదావరి పోటెత్తింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. ఆ నెల 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు.

అలాంటప్పుడు కరెంటు పోయి ఫోన్ చార్జింగ్ అయిపోతే, ఖాతాలో ఎన్ని వేలున్నా పాల ప్యాకెట్ రాదు. డబ్బాలో దాచిన నాలుగు నోట్లే ఆదుకుంటాయి. రేషన్ దుకాణమైనా, కూలి లెక్కయినా, ఆసుపత్రి చీటీ అయినా అంతే. ఫోను పలకనప్పుడు ఒక రిజిస్టరు, ఒక సంతకం, ఒక మనిషి సాక్ష్యం చెల్లాలి. అడగాల్సింది ఫోన్ వద్దని కాదు, రెండో దారి ఉంచమని.

ఆ దారి ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఇలా...

* ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పిన్ మాత్రం రాయొద్దు.

* ఫోన్లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అదీ రాసుకోండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ‘సంచార్ సాథి’లో దాన్ని పనిచేయకుండా ఆపించొచ్చు.

* ఇంటర్నెట్ లేకున్నా *99# ద్వారా డబ్బు పంపొచ్చు. బటన్ల ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ‘యూపీఐ 123పే’ తెచ్చింది.

* డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పంపడానికే కావాలి. ‘డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి’ అన్నారంటే మోసమే.

* యూపీఐలో మన ఖాతాలో డబ్బు తగ్గి అవతలి మనిషికి చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019లో రిజర్వు బ్యాంకు చెప్పింది. లావాదేవీ నంబరు రాసుకుని బ్యాంకును అడగండి.

* మోసపోయామని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

వంతెనకు అవతలున్న రామయ్య గురించి ఓ కథ చెబుతారు. రామదాసు చెర విడిపించడానికి అన్నదమ్ములిద్దరూ మారువేషంలో వెళ్లి తానీషాకు బాకీ అంతా చెల్లించారట. ఊరికే వచ్చేయలేదు, రసీదు అడిగి తీసుకున్నారట! సాక్షాత్తూ దేవుడే కాగితం దగ్గరుంచుకున్నాడు. ఇక మనమెంత?