త్రుప్పుపట్టిన పనిముట్ల పెట్టె

కొల్లేటి ప్రాంతమునందలి యొక గ్రామమున సహకార సంఘమువారి గిడ్డంగి మూలను ఒక ఇనుప పెట్టె చిరకాలముగా పడియుండెను. పూర్వము ఆయిలు ఇంజను పనిముట్ల నుంచుటకై కొన్నదట. మూత రాదు, గడియ కదలదు, అడుగు రేకు పొరలుపొరలుగా చేతికి ఊడి వచ్చుచున్నది. పాత ఇనుము వర్తకునికి తూకమున కిచ్చివేయుదమని సభ్యులు నిశ్చయింపబోవుచుండగా ఒక వృద్ధ రైతు, “అందులో మా నాన్నగారి బరమా ఉందండీ. మూత తీసి చూశాక అమ్ముకుందురు గాని” అనెను. ఆ మాటపై పని మాకు అప్పగించిరి.

మేము తొందరపడలేదు, అందుకు కారణ మున్నది. మున్ను తాడేపల్లిగూడెములో పనిచేయు దినములలో ఇట్టి పెట్టెనే ఘాటైన యాసిడుతో తోమించి, మరునాడే రంగు వేయించి, పనిముట్లు సర్దించితిమి. చూచినవారెల్ల మెచ్చిరి. వానకాలము వెళ్లునప్పటికి రంగు పొక్కులెత్తెను. లోపలి స్పానర్లు సైతము ఎఱ్ఱబారెను. రేకు మడతలలో మిగిలిన యాసిడు ఇనుమును తినుచునే యుండెను. ఆ తప్పు మాదే.

త్రుప్పునకు గాలియు తేమయు చాలును. ఉప్పు తోడైనచో మరింత వేగముగా పట్టును. బుడమేరు, తమ్మిలేరుల నీరు తగ్గిన వేసవిలో సముద్రపు నీరు ఉప్పుటేరు గుండ కొల్లేటివైపు ఎక్కివచ్చుట ఈ ప్రాంతపు రైతు లెఱిగినదే. అయితే ఈ పెట్టెకు కీడు చేసినది కొల్లేరు గాదు. దానిపై అమ్మోనియం సల్ఫేటు బస్తాలు పేర్చియుండిరి! చినుగులనుండి రాలిన ఎరువు తేమను పీల్చి రేకునంటి కూర్చుండెను. క్రింద మట్టినేల. ఇక ఇనుము నిలుచుటెట్లు?

మొదట మడతబందులలో కిరసనాయిలు పోసి మూడు దినములు విడిచితిమి. త్రుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. కావుననే కీళ్లు బిగిసిపోవును. అట్టిచోట గునపముతో పెకలించినచో రేకు చినుగునే గాని కీలు రాదు. కొయ్యసుత్తెతో మెల్లగా తట్టుచుండగా నాలుగవ దినమున మూత లేచెను.

పాత రంగును పొడిగా గీకింపలేదు. పూర్వపు రంగులలో సీసము కలుపుట వాడుక. ఆ ధూళి పిల్లలకు విషము. గృహములలో వాడు రంగులందు సీసము పదిలక్షల పాళ్లలో 90కి మించరాదని మన ప్రభుత్వము 2016లో నియమము చేసినది గాని, ఈ పెట్టె అంతకు ముందరిది. గరుకుకాగితమును తడిపి రుద్దించి, ఆ మడ్డిని డబ్బాలో పట్టి వేరుగా నుంచితిమి. కాలువలోనో చేపల చెరువులోనో కుమ్మరింప రాదు.

జిడ్డును ఎరువు ఉప్పును పోవునట్లు చాకలిసోడా నీటితోను, ఆపై మంచినీటితో రెండుమారులును కడిగించితిమి. మిగిలిన త్రుప్పుపై చింతపండు గుజ్జు దట్టముగా పూసి రాత్రియెల్ల నుంచితిమి. అదియు పులుపే గదా యని కొందరు నవ్విరి. పులుపే, కాని మెత్తనిది. ఉదయమున తోమి, మరల సోడానీటితో కడిగి, తుడిచి, వెంటనే ఎండలో నుంచవలెను. తడిగా ఒక్క గడియ విడిచినను క్రొత్త త్రుప్పు పుట్టును.

గుంటలలో పోక నిలిచిన త్రుప్పునకు కరక్కాయ కషాయము పట్టించితిమి. ఎఱుపు నలుపాయెను. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లనగుట పెడన కలంకారీ అద్దకమువారికి తెలిసిన సంగతియే. అది బాగుగా ఆరిన పిమ్మట రెడ్ ఆక్సైడు రెండు పూతలు, పైన రంగు. అడుగు రేకు మాత్రము ఆర గ్రుచ్చినచో దిగబడుచుండెను. దానికి మందు లేదు. కోయించి ఏలూరినుండి తెచ్చిన క్రొత్త రేకు రివెట్లతో బిగింపించితిమి. ఇప్పుడు పెట్టె ఇటుకలపై నున్నది; ఎరువు బస్తాలు ఎదుటి గోడకు మారినవి.

బరమా నిజముగనే లోపల నుండెను, నూనె గోనెలో చుట్టి. ముక్కు కొంత తినబడినది, పిడి చెక్కుచెదరలేదు. వృద్ధుడు దానిని చేతులలో త్రిప్పి త్రిప్పి చూచెను. ఇంటికి తీసికొని పోవునని తలచితిమి. నూనె రాచి, మరల గోనెలో చుట్టి, పెట్టెలోనే పెట్టెను. కావలసిన సభ్యులకు చీటి వ్రాయించుకొని ఇచ్చుచున్నారు.