మోసేది ఒకటి, అణచేది మరొకటి

పికప్ బండి గలవారిని ఎవరినైనా "మీ బండిలో బరువు మోసేదేమిటి?" అని అడిగి చూడండి. చాలామంది షాకబ్జర్లనే చూపిస్తారు. అందుకే బండి ఎగిరెగిరి పడుతోందనగానే బజారుకు వెళ్లి, "అన్నిటికంటే గట్టివి ఇవ్వండి" అంటారు. గట్టివి వస్తాయి, డబ్బు పోతుంది, ఎగురుడు మాత్రం పూర్తిగా పోదు.

మా బావమరిది బేతంచెర్ల నుంచి కర్నూలుకూ, కడపకూ నాపరాళ్లు తోలుతాడు. రెండడుగుల చదరం, అంగుళం మందం వున్న నాపరాయి ఒక్కొక్కటి సుమారు 25 కిలోలు తూగుతుంది. అంటే నలభై రాళ్లెక్కిస్తే టన్ను! దారిలో పగిలిన రాయికి ఇల్లు కట్టుకునేవాడు డబ్బివ్వడు గదా. ట్రిప్పుకు నాలుగైదు రాళ్లు పగలడంతో మావాడు విసిగిపోయి, దొరికినంతలో ఖరీదైన షాకబ్జర్లు కొనడానికి నిశ్చయించుకున్నాడు. "నువ్వూ రా, బావా" అంటే నంద్యాలలో ఒక షెడ్డుకు వెంట వెళ్లాను.

మేస్త్రీ బండి కిందికి దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "బరువు మోసేది ఇది కాదు సామీ. వెనకాల కమాన్ కట్టలుండాయే, అవి మోస్తాయి. కట్ట ఎగరకుండా పట్టేది ఇది. నీ కట్టలో ఒక పట్టీ ఇరిగిపోయింది. అది చూడకుండా షాకబ్జర్లు ఎన్ని మార్చినా ఏం లాభం?"

ఎంత చిన్న మాటలో ఎంత శాస్త్రం! ఉయ్యాల నొకసారి ఊపి వదిలితే ఎవరైనా గొలుసు పట్టుకునేదాకా ఊగుతూనే వుంటుంది. కమాన్ కట్ట స్వభావం కూడా అదే. గుంతలో ఒకసారి వంగితే, ఎన్నోసార్లు లేచి పడుతుంది. ఆ గొలుసు పట్టుకునే చెయ్యే షాకబ్జరు. దాని గొట్టంలో నూనె వుంటుంది. నూనెలో సన్నని రంధ్రాలున్న పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. నూనె ఆ రంధ్రాలగుండా ఇరుకుగా దూరేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో కొంతదూరం పోయి వచ్చిన బండి షాకబ్జరును తాకి చూస్తే వెచ్చగా వుండేది ఇందువల్లనే.

మన సీమలో దీనికి పని ఎక్కువ. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నెంబరు జాతీయ రహదారి సంగతి సరే. గనుల నుంచి ఆ రోడ్డెక్కేదాకా వున్న దారుల మాటేమిటి? పైగా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు నాలుగేళ్లకే అలలు తేలుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన వేడికి తోడు, ఎడతెగని గతుకుల్లో నూనె మరింత కాగి పలచబడుతుంది. గాలి కలిసి నురగ కడుతుంది. నురగలో పిస్టన్‌కు పట్టు వుండదు. దీనికి విరుగుడుగానే నైట్రోజన్ వాయువు నింపిన షాకబ్జర్లు వచ్చాయి. జర్మనీలో బిల్‌స్టీన్ కంపెనీ తయారుచేసిన ఈ రకాన్ని మెర్సిడెస్ కార్లకు 1957లోనే అమర్చారు. మన దేశంలో 1961లో స్థాపించిన గాబ్రియేల్ ఇండియా వంటి కంపెనీలు షాకబ్జర్లు తయారుచేస్తున్నాయి. ఊళ్లో తారురోడ్డు మీద పాలక్యాన్లు తిప్పేవారికి మామూలు నూనె రకం చాలు. రోజూ బరువుతో గతుకుల దారి పట్టేవారికి గ్యాసు రకం మీద పెట్టిన అదనపు డబ్బు దండగ కాదు.

మరి గట్టివాటితో వచ్చిన చిక్కేమిటంటారా? బండి తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుంది. మరీ గట్టి షాకబ్జరు చక్రాన్ని గుంతలోకి తొందరగా దిగనివ్వదు. టైరు ఒక క్షణం రోడ్డును వదిలేస్తుంది. రోడ్డుకు తగలని టైరుకు బ్రేకు వేసి ఏం ప్రయోజనం? బడి వదిలే వేళ పిల్లవాడెవరైనా అడ్డం వస్తే ఆ క్షణమే ప్రాణం ఖరీదు చేస్తుంది. అరిగిపోయిన షాకబ్జరుతో వచ్చే ప్రమాదమూ ఇటువంటిదే.

కొనేముందు చూసుకోవలసినవి కొన్ని వున్నాయి. బండి మూలను నొక్కి వదిలే పరీక్ష కారుకు పనికివస్తుంది గాని, కట్టలు బిగువుగా వుండే పికప్‌కు అంతగా చాలదు. గొట్టం మీద నూనె కారిన జాడ, టైరు అక్కడక్కడ పల్లాలుగా అరగడం, రబ్బరు బుష్‌లు చిట్లి టకటకమనడం చూడాలి. మార్చితే ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. మన మోడల్‌కు కంపెనీ చెప్పిన నెంబరు, పొడవు సరిపోవాలి. బరువు కోసం కట్టలో అదనంగా పట్టీలు వేయించినవారు మరీ జాగ్రత్తపడాలి: బండి ఎత్తు పెరిగితే పాత పొడవు చాలక, షాకబ్జరు సాగిసాగి తెగుతుంది. పేరున్న డబ్బాలను పోలిన నకిలీ డబ్బాలు కూడా బజార్లో వుంటాయి కనుక, బిల్లు లేనిదే కొనకండి. బిగించేటప్పుడు బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడి వుండగానే చివరిగా బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలిబడి త్వరగా చీలిపోతుంది.

మావాడు విరిగిన పట్టీ మార్పించి, కంపెనీ నెంబరుకు సరిపోయే గ్యాసు రకం జత వేయించాడు. రాళ్లను పరచడం మాని, అంచుల మీద నిలబెట్టి మధ్య గడ్డి కూరుతున్నాడు. రాళ్లు అసలు పగలడం లేదని చెప్పను గాని, ఇప్పుడు ఆ లెక్క వేళ్ల మీదికి రావడం అరుదు. "ఇంకో పది రాళ్లెక్కించవచ్చునా, మేస్త్రీ?" అని అడగబోతే మాత్రం ఆ పెద్దమనిషి నవ్వి, "షాకబ్జరు కొత్తదైతే ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు సామీ" అన్నాడు.

సంసారంలోనూ అంతే గదా. బరువు మోసేవారొకరైతే, ఎగసిపడే ఊపును అణచేవారు మరొకరు. ఎవరి పని వారిచేత చేయిస్తేనే బండి ఇంటికి చేరుతుంది.