నేను కాదు... నువ్వు!

ఊరు కొత్త, హాస్టల్ కొత్త. క్లాసు నిండా అమ్మాయిలున్నా మనసు విప్పి మాట్లాడే తోడుండదు. డిగ్రీలో చేరిన అలాంటి అమ్మాయిలకు కాలేజీలోనే దొరికే మంచి నేస్తం ఎన్‌ఎస్‌ఎస్!

గాంధీజీ శతజయంతి వేళ 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైందీ జాతీయ సేవా పథకం. 'నేను కాదు, నువ్వు' అన్నది నినాదం. చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరమూ ఉంటుంది.

అసలు స్నేహాలు చిగురించేది అక్కడే. బడి గదిలో వరసగా పడకలు. పొద్దున్నే చీపుర్లు పట్టి వీధులు ఊడవడం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, రాత్రి వంతులవారీ వంట. ఉప్పెక్కువైన సాంబారును నవ్వుకుంటూ తిన్నాక ఇంకెక్కడి మొహమాటం?

క్లాసులో నోరు విప్పని పిల్లే, పింఛను కాగితం చదివిపెట్టమని ఓ అవ్వ అడిగితే పక్కన కూర్చుని ఓపిగ్గా వివరిస్తుంది. 'మళ్లీ ఎప్పుడొస్తావమ్మా?' అని ఆ అవ్వ అడిగితే... తన అవసరం ఒకరికుందని తెలిసొస్తుంది. ఆ ధైర్యం మార్కుల్లో కనిపించదు, మనిషిలో కనిపిస్తుంది.

'ఆడపిల్లను వారం రోజులు పంపడమా?' అని తటపటాయించే అమ్మానాన్నలూ! శిబిరంలో అధ్యాపకులు వెంటే ఉంటారు. వివరాలన్నీ అడిగి తెలుసుకోండి. ఈసారి మీ అమ్మాయి అనుమతి పత్రం తెస్తే, సంతకం చేసి పంపండి.