పాత మెయిల్ ఐడీ తాళం ఎవరి చేతిలో ఉంది?

పిడుగురాళ్ల: పాస్‌పోర్టుకో, పిల్లల స్కాలర్‌షిప్‌కో పదేళ్ల కిందట నెట్ సెంటర్‌కి వెళ్లిన సంగతి గుర్తుందా? "మెయిల్ ఐడీ ఉందా?" అని సెంటర్ అబ్బాయి అడుగుతాడు. లేదంటే అప్పటికప్పుడు తనే ఒకటి తయారుచేసి ఫారం నింపేస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అబ్బాకి తెలియదు. రికవరీ కోసం ఇచ్చిన ఫోన్ నంబర్ కూడా ఒక్కోసారి ఆ సెంటర్‌దే.

పని అయిపోయింది, ఐడీ మరుగున పడింది. కానీ తర్వాత ఫేస్‌బుక్‌కీ, షాపింగ్ యాప్‌కీ అదే ఇచ్చి ఉంటారు. చిక్కంతా అక్కడే. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఆ మెయిల్‌కే పోతుంది. అంటే మెయిల్ తెరవగలిగినవాడికి దానికి ముడిపడిన అకౌంట్లలో చాలావాటి తలుపులు తెరుచుకున్నట్టే. పాస్‌పోర్టు కాపీలు, ఆధార్ ఫొటోలు అందులోనే పడి ఉంటే ఇక చెప్పేదేముంది! ఖతర్‌లో ఉన్న కొడుకు పేరుతో "అమ్మీ, అర్జెంటుగా డబ్బు పంపు" అని మెసేజ్ రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. ఏడాదిగా వాడని ఐడీలను వేరేవాళ్లకు ఇస్తామని యాహూ 2013 జూన్‌లో ప్రకటించింది. అలా తీసుకున్న కొందరికి పాత యజమానుల సొంత మెయిళ్లు వచ్చిపడ్డాయి. అదే ఏడాది జరిగిన చోరీలో మొత్తం 300 కోట్ల యాహూ అకౌంట్ల వివరాలు పోయాయని 2017లో తేలింది. జీమెయిల్ సంగతి వేరు. రెండేళ్లు వాడని సొంత అకౌంట్లను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది. ఆ ఐడీ ఇంకొకరికి ఇవ్వదు గానీ, రావాల్సిన లింకు ఇక అసలు మనిషికీ రాదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు, ఒక ఆదివారం చాలు. ముందు పాత మెయిల్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చాలి, రికవరీ నంబర్ ఇంట్లోవాళ్లది పెట్టాలి, మిగతా ఫోన్లు, కంప్యూటర్లన్నిటి నుంచీ లాగౌట్ చేయాలి. తర్వాత ఒక్కో అకౌంట్‌లో కొత్త మెయిల్ చేర్చి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతది తీసేయాలి. తొందరపడి పాత మెయిల్‌నే ముందు డిలీట్ చేస్తే మిగతావి మార్చుకునే దారి మూసుకుపోతుంది. పాత సిమ్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త: ఆగిపోయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత కంపెనీలు వేరేవాళ్లకు ఇవ్వొచ్చు.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.